సబ్ ఠీక్

పరాంకుశంగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మీసం సవరించుకుని, "సాయంత్రం చూద్దాం" అనేవారు. సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చాక, బొబ్బిలి అవతల ఒక జీడితోటలో ఆయన ఒక ఆశ్రయం నడిపేవారు. అక్కడికి వచ్చేవాళ్ళంతా తాగుడు మానలేక, నిద్ర పట్టక, ఇంట్లో ఇమడలేక వచ్చిన మాజీ సైనికులే. అక్కడ వంట నాది. కనుక ఇది ఎవరో చెప్పగా విన్న కబురు కాదు, నా కళ్ళ ముందు జరిగింది.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి కేదారి అని, మనస్తత్వశాస్త్రం చదివిన శిష్యుడు ఉండేవాడు. మంచివాడే, ఓపికా ఉంది. ఒకనాటి మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే అడిగాడు.

"గురువుగారూ, నిజం చెప్పనివాడికి నయం చేయడం ఎలా?"

ఎవరి గురించో మాకందరికీ తెలుసు. గొర్లె చిరంజీవులు మంచుకొండల మీద సరిహద్దు కాపలా కాసి వచ్చిన మనిషి. రోజూ పొద్దున్నే కేదారి వెళ్ళి ఎలా ఉన్నారని అడగడం, అతను మంచం దిగి నిటారుగా నిలబడి "సబ్ ఠీక్ హై సాబ్" అనడం. అంతా బాగుందని అర్థం. ఏం బాగుంది, నా మొహం! చీకటి పడితే చాలు, కుర్చీ గేటు దగ్గరికి లాక్కుపోయి తెల్లవార్లూ చీకట్లోకి చూస్తూ కూర్చునేవాడు. ఇచ్చిన నిద్రమాత్రలు దిండు కింద దొరికాయి. ఇంటి దగ్గరా ఇదే వరసట. ఆ కాపలా భరించలేక సీసా ఎత్తేవాడు, ఒళ్ళు తెలియకుండా పడిపోతే అదే నిద్ర. మళ్ళీ ముట్టుకుంటే ప్రాణం దక్కదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ ఉదయమే అతని భార్య ఈశ్వరమ్మ వచ్చి, "పంపితే తీసుకుపోతాను బాబూ. ఇంటికొచ్చాక ఈ మడిసి నిద్దరోతాడా?" అని అడిగింది. కేదారి అన్నం కలపకపోవడం అందుకే.

పరాంకుశంగారు అలవాటు ప్రకారం సాయంత్రం చూద్దామన్నారు.

పొద్దు వాలాక ఆయన బూట్లు తుడుచుకుని, పాత కోటు తొడుక్కుని, టార్చిలైటు పట్టుకుని గేటు దగ్గరికి నడిచారు. నేనూ కేదారీ గేటు పక్కనే ఉన్న వంటింటి అరుగు మీద నిలబడి చూస్తున్నాం. చిరంజీవులు అప్పటికే కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆయన ఎలా ఉన్నావని అడగలేదు. సెంట్రీ దగ్గరికి మారుడ్యూటీ మనిషి వచ్చినట్టు వచ్చి పక్కన నిలబడ్డారు.

"నీ డ్యూటీ అయింది. ఇక్కడ ఇక నేనుంటాను. ఏమేం చూసుకోవాలో అప్పజెప్పు."

చిరంజీవులు చటుక్కున లేచాడు. "సబ్..." అన్నాడు. అక్కడితో మాట ఆగిపోయింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు ఆ మాట చెల్లుతుంది. తన చోట నిలబడబోయేవాడికి మాత్రం ఏదీ దాచకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. పరాంకుశంగారు కదలకుండా నిలబడ్డారు.

"వాగు పక్క రాయి కదిలింది సాబ్," అన్నాడు చివరికి. "నేను ఇన్నాను. చలికి కాళ్ళు కొయ్యబారిపోనాయి, ఎప్పుడు ఎలిపోదామా అని ఉంది. ధన్‌రాజ్ నా డ్యూటీకొచ్చి ఏటి సంగతని అడిగితే, సబ్ ఠీక్ అనేసి ఎలిపోనాను. తెల్లారేసరికి ఆడు లేడు."

ఆ మాట అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. కట్టుకున్నదానితో కూడా అనలేదు. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కన కేదారి తల వంచుకున్నాడు.

నీ తప్పేమీ లేదని పరాంకుశంగారు ఓదార్చలేదు, తప్పే అని మందలించనూ లేదు. అప్పజెప్పింది విన్నట్టుగా తిరిగి చెప్పడం వాళ్ళ పద్ధతి. అదే చేశారు.

"వాగు పక్క రాయి కదిలిన చప్పుడు. విన్నాను. ఇకనుంచి అది నేను చూసుకుంటాను. వెళ్ళి పడుకో."

చిరంజీవులు సెల్యూట్ చేయబోయి, చేయి సగం లేచాక ఏడ్చేశాడు. తరువాత లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ ఒక్కసారితో మనిషి బాగైపోయాడంటే నేను ఒప్పుకోను. మరునాడు పొద్దుగూకేసరికి కుర్చీ మళ్ళీ గేటు దగ్గరే ఉంది. కాకపోతే అప్పజెప్పిన ఆ రాత్రి మాత్రం, తాగకుండా, మాత్ర వేసుకోకుండా తెల్లవారిందాకా పడుకున్నాడు. ఊరికి పోకుండా ఆగిన ఈశ్వరమ్మ మంచం పక్కనే కూర్చుని, ఆ ఊపిరి వింటూ ఉండిపోయిందట.

పొద్దున నేను టీ పట్టుకెళ్ళేసరికి పరాంకుశంగారు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. నా వెనకే వచ్చిన కేదారి అలవాటు కొద్దీ, "ఎలా ఉన్నారు గురువుగారూ?" అన్నాడు.

"మోకాళ్ళు పట్టేశాయి. ఒకసారి చిరంజీవులు చెప్పిన ఆ వాగు పక్కనే నిజంగా ఏదో కదిలినట్టయి భయమేసింది," అంటూ ఆయన టార్చిలైటు అతని చేతిలో పెట్టారు. "ఈ రాత్రి నువ్వు నిలబడు."