వెంపలమ్మ మెడలో దండ ఉండదు

ఎర్రమిట్ట వెంపలమ్మ దర్శనానికి తొలిసారి వచ్చిన భక్తులు గర్భగుడి ముందు కాస్త తికమకపడతారు. పసుపు, కుంకుమ, పట్టుచీర అన్నీ ఉంటాయి, అమ్మవారి మెడలో మాత్రం ఒక్క పువ్వు ఉండదు. బయట చూస్తే కొండవాలంతా ఊదారంగు వెంపలి పూలే! గడ్డి సైతం మాడిపోయిన ఏడు కూడా అవి పూస్తాయి. ఇన్ని పూలుండి అమ్మకు దండ కట్టని పిసినారులని మమ్మల్ని ఆడిపోసుకున్నవారూ ఉన్నారు. వారికి మా సమాధానం ఈ కథ. దీన్ని మేము కాస్త గర్వంగానే చెప్పుకుంటాము.

పూర్వం ఇక్కడ తిమ్మక్క అనే రైతు ఉండేది. ఈ ప్రాంతంలో గుమ్మడి విత్తనం నిలబెట్టుకున్నది ఆమె ఒక్కతే. ఎవరు విత్తాలన్నా ఆమె గడప తొక్కవలసిందే. వరుసగా మూడేళ్ళు కరువు వచ్చి, ఆమె ఇంట ఏడు గింజలే మిగిలాయి. వాటిని కొండ కింద పాతి, చెలమ నుండి కడవలతో నీళ్ళు మోసి తీగలను బతికించింది. తీగలు పూశాయి గానీ, పువ్వు కింది పిందె పసుపుబారి రాలిపోసాగింది. ఆ ఏడు కాయ నిలవకపోతే ఇక ఆ విత్తనం లేనట్టే.

తిమ్మక్క అమ్మవారినే నమ్ముకున్నది. కొండ మీద వెంపలి తప్ప మరో పువ్వు లేదు. రోజూ పొద్దు పొడవగానే గంపెడు పూరెమ్మలు కోసి, దండ కట్టి, అమ్మ మెడలో వేసేది. పిందెలు ఇంకా రాలాయి. భక్తి చాలలేదేమోనని రెండు గంపలు కోసింది, ఆపైన మూడు కోసింది. కొండ బోడిదైంది గానీ పిందె నిలవలేదు. పాపం, చేస్తున్న పూజే చేటు తెస్తున్నదని ఆమెకేం తెలుసు!

ఒకనాటి మధ్యాహ్నం కడవ దించి గుడి అరుగు మీద నడుం వాల్చింది. కలలో అమ్మవారు మెడ తడుముకుంటూ కనిపించింది.

"ఏమే తిమ్మక్కా, నా బిడ్డల బువ్వ తెచ్చి నా మెడకేస్తివి. వాళ్ళేం తినాల?"

తిమ్మక్క ఉలిక్కిపడి లేచింది. అమ్మవారికి బిడ్డలెవరో అర్థం కాలేదు. గుడిలోకి చూస్తే, వాడిన దండ మీద ఒక తేనెటీగ పాకుతున్నది. ఎండిన పువ్వులో తల దూర్చి, ఏమీ దొరకక, పక్క పువ్వుకు పోతున్నది. గుమ్మడి పాదు దగ్గర తేనెటీగల రొద విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తట్టింది. కరువుకు మిగిలిన కాసిన్ని ఈగలకూ ఆ వెంపలే ఆధారం, ఈగ వాలని పువ్వుకు పిందె నిలవదు. తిమ్మక్క ఆ దండ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఇక దండ వేయనని, వెంపలి పూస్తే ఈగలొచ్చి పిందె నిలుస్తుందని ఆమె అంటే, పూజారి ఓబన్న అడ్డుపడ్డాడు. "కరువు కాలంలో అమ్మ మెడ బోసిగా పెడితే ఊరు ఊరుకుంటాదా అక్కా?"

"నా మాట అబద్ధమైతే ఊరిడిసి పోతా అన్నా. అంతదాకా ఒక్క పువ్వు తెంపొద్దు," అన్నది తిమ్మక్క.

వెంపలి మొండిది. వేరు లోతున ఉంటుంది కనుక, కోసిన చోటనే మళ్ళీ చిగిర్చి, నెల తిరిగేసరికి పూసింది. వెనుకనే ఈగలూ వచ్చాయి. అప్పటికి ఆరు తీగలు ఎండిపోయాయి. ఏడవ తీగకు ఒకే ఒక్క పిందె నిలిచింది. తిమ్మక్క దానికి తన పాత చీర నీడగా కట్టి, పండేదాకా కాపలా కాసింది. ఆ కాయను ఓబన్నే భుజాన మోసుకుని గుడికి తెచ్చాడు. గింజలు ఊరంతా పంచారు. నేడు చుట్టుపక్కల పల్లెల్లో కాసే గుమ్మడంతా ఆ ఒక్క కాయ సంతానమే.

అప్పటి నుండి ఈ కొండ మీద ఎవరూ పువ్వు తెంపరు. వెంపలిని కలుపు మొక్క అని పీకేవారు పొరుగూళ్ళలో ఉన్నారు. మేము మాత్రం గట్ల మీద దానికి నాగలి తగలనివ్వము. మనుషులు కురచబారి, మోకాలెత్తు వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే కాలం వస్తుందని పెద్దలంటారు. రానివ్వండి, మా ఊళ్ళో ఎక్కడానికి చెట్లకు కొదవ లేదు.

తొలకరి జాతరకు వచ్చే భక్తులు దండలు తేనక్కరలేదు. వాకిట పూజారి చిటికెడు వెంపలి గింజలు ఇస్తారు. వాటి పెచ్చు గట్టిది కనుక, ఇసుకతో కలిపి అరచేతుల మధ్య బాగా నలిపి, తడిసిన కొండవాలున చల్లాలి. మరుసటి ఏడు వచ్చి అవి పూశాయో లేదో చూసుకోవాలి. అవి పూస్తే ఆ ఇంట పట్టిన పిందె రాలదని నమ్మకం. కడుపు నిలవని తల్లులెందరో ఇక్కడ ఇసుక నలిపి వెళ్ళి, ఆనక బిడ్డను చంకనెత్తుకుని వచ్చారు. ఆ బిడ్డ పువ్వు మీదికి చేయి చాపితే, తల్లి మెల్లగా ఆ చేయి పట్టుకుంటుంది.

"తెంపగూడదు నాయనా. అది అమ్మ బిడ్డల బువ్వ."