నెలవంక జెండా

అనగనగా ఒక రాజు. ఊరు కేతనపురం, రాజు పేరు ఉదయకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సింహాంకుడు, నడిమివాడు గజాంకుడు, కడగొట్టువాడు శశాంకుడు. ఊఁ కొడుతూ వినండర్రా, మధ్యలో అడ్డు ప్రశ్నలు వేశారంటే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో వీరమండపం అని ఒకటుండేది. గుళ్ళోకి వెళ్ళినట్టే చెప్పులు విడిచి వెళ్ళేవారు దాంట్లోకి. వీరుడన్న ప్రతివాడి జెండా అక్కడ వేలాడేది. పెద్దవాడి జెండా మీద సింహం, నడిమివాడి జెండా మీద ఏనుగు, చిన్నవాడి జెండా మీద నెలవంక. అక్కడ జెండా కట్టాలంటే మూడు ప్రమాణాలు చెయ్యాలి. వెన్ను చూపను. అబద్ధమాడను. శరణన్నవాణ్ణి చంపను. ఏ ఒక్కటి తప్పినా జెండా దించేస్తారు. దించారంటే ఇక ఆ మనిషి ఊళ్ళో లేనట్టే.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి కంకాళుడనే మాంత్రికుడు వచ్చి, పెద్దవాడు చేసుకోబోయే పిల్ల చారుమతిని ఎత్తుకుపోయాడు. పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రాణి అన్నం మానేసింది. నేను వెళ్తానమ్మా అని చిన్నవాడంటే, వద్దనడానికి కూడా ఆవిడకి ఓపిక లేకపోయింది.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. నీ అన్నలిద్దర్నీ నేనే మోసుకెళ్ళాను నాయనా, ఒట్టి వీపుతో తిరిగొచ్చాను అని ఏడ్చింది. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందట. ఇద్దరూ ఆ చిలకని పట్టుకున్నారట. అది "శరణు" అంటే ఇద్దరూ వదిలేశారట. వదిలీ వదలగానే రాళ్ళయిపోయారట. మీ మండపం సంగతి తెలిసే ఆ పాపిష్టివాడు చిలకకి ఆ ఒక్క మాటా నేర్పాడు, నువ్వూ వదిలేస్తావు, ఇంటికి పో అంది తాబేలు. శశాంకుడు దాని వీపెక్కాడు.

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడూ దాటారు. అక్కడ కోటలో అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. చారుమతీ రాయే. పెద్దన్న అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది. శశాంకుడు ఆ చేతిని ఒకసారి నిమిరాడు. పంజరం తెరిచి చిలకని గుప్పిట పట్టాడు. శరణు, అంది చిలక. అతను చిలకని చూశాడు, అన్నల్ని చూశాడు, మళ్ళీ చిలకని చూశాడు. వెక్కి వెక్కి ఏడుస్తూనే దాని మెడ విరిచేశాడు. ఎక్కడివాడక్కడ మాంత్రికుడు కూలిపోయాడు. రాళ్ళన్నీ మనుషులై లేచాయి. లేదు, చిలక మళ్ళీ బతకలేదు. చచ్చింది చచ్చిందే. అడగొద్దన్నానా!

అందరూ ఇంటికి చేరారు. ఊరంతా మండపంలో మూగింది. యుద్ధం నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగినట్టే, ప్రమాణం ఏదైనా తప్పావా అని రాజు అడిగాడు. చిలక మాట విన్నవాళ్ళెవరూ లేరు. లేదనేస్తే ఆ పూటతో పోయేది.

"తప్పాను నాన్నగారూ. శరణంది, చంపాను. నేర్పిన మాటే అందో, భయపడి అందో నాకు తెలీదు. గుప్పిట్లో దాని గుండె కొట్టుకుంటూనే ఉంది."

రాజు తలెత్తి నెలవంక జెండా వంక చూశాడు. "మళ్ళీ అలాంటి వేళ వస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

"మళ్ళీ చంపుతాను."

అన్నలు తండ్రి కాళ్ళ మీద పడ్డారు. మా జెండాలు దించండి, వాడిది ఉంచండి అన్నారు. మీరు మాట తప్పలేదు కదా అన్నారు మండపం పెద్దలు. రాజు తనే నిచ్చెనెక్కి నెలవంక జెండా దించాడు. ఆ రోజు నుంచి అతని పేరు ఆ ఊళ్ళో ఎవరి నోటా రాకూడదు. కన్నతల్లి నోటా రాకూడదు. రాణి కొడుకుని పిలవబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత బాధరా తల్లికి!

శశాంకుడు కోట దాటి నడిచిపోయాడు. పెద్దన్న గోడ మీదికి పరిగెత్తాడు. తమ్ముడు ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు, పిలిస్తే వినిపించేంత దూరమే. నోరు తెరిచాడు. ఏ పేరు పెట్టి పిలుస్తాడు? అలాగే నిలబడిపోయాడు.

తర్వాత పెద్దన్నకి చారుమతితో పెళ్ళయింది. చల్లగా రాజ్యమేలాడు, చాలా ఏళ్ళు ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి, అందరూ సుఖంగా ఉన్నారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఈ కథ చెబుతారు. మూడోవాడు అంటారే గానీ పేరు చెప్పరు. నేను ఆ ఊరిదాన్ని కాను, నాకేం భయం? శశాంకుడు. వాడి పేరు శశాంకుడు. మీరూ ఓసారి అనండి.