రాజుగారి విస్తరి

నీలవరం రాజు నేలను ఎడాపెడా పంచేశాడు, ఏరు పాడైపోయింది. జరిగిన తప్పు ఇదీ.

ఒకప్పుడు అద్దకానికి పేరుపడ్డ రాజ్యం అది. రాజు గండభూపాలుడు తనకు తానే "భూదానభూషణ" అని బిరుదు ఇచ్చుకున్నాడు. అద్దకపు కొట్టం పెడతానని ఎవరొచ్చినా, పట్నంలో ఏటి ఒడ్డునే అడిగినంత నేల ఉచితంగా ఇచ్చేవాడు. ఉచితం గనక అందరూ అక్కరకు మించి అడిగారు. సగం నేల ముళ్లకంపలతో ఖాళీగా పడి ఉంది. రంగు తొట్ల మురుగంతా ఏట్లోకే. ఆ నీళ్లలో జాడించిన బట్టకు రంగు పట్టక, వర్తకులు మూటలు తిప్పి పంపుతున్నారు.

"సరుకు తగ్గిందా? అయితే ఇంకాస్త నేల ఇవ్వండి!" అన్నాడు రాజు.

ఇక మిగిలినవి మంచినీళ్ల రేవుకు ఎగువనున్న తోటలు. ఆ రోజు భోజనం కాగానే వాటి దానపత్రం మీద ముద్ర వేస్తానన్నాడు. అదే జరిగితే ఊరికి తాగే నీళ్లుండవు. వద్దన్న మంత్రిని పొలిమేర దాటించారు. "ఇంకెవరైనా ఈ నేల మాట ఎత్తితే వాళ్లకీ అదే దారి" అని చాటించారు.

రాజుగారి వడ్డన చూసే గౌరసానికి పొద్దుటి నుంచీ గుండెదడ. నేల మాట ఎత్తకూడదు. ఊరుకోనూ కూడదు.

మధ్యాహ్నం రాజు పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా బంగారు పళ్లెం లేదు, అరిటాకు ఉంది.

"ఇదేమిటి గౌరసానీ?"

"మహాదానం రోజు కదా ప్రభూ, ఆకులో తింటే శ్రేష్ఠం."

ఆకు నిండా అప్పడాలు పరిచింది. రాజుగారి వైపు అంచున గుప్పెడంటే గుప్పెడు అన్నం, పక్కన కాస్త పాయసం. అవతలి అంచు కింద ముందే ఓ చెక్కముక్క దూర్చి ఉంచింది. ఆ ఎగువన గరిటెడు పులుసు పోసింది. పులుసు జారి అన్నాన్ని ముంచి, పాయసంలో కలిసి, రాజుగారి పట్టుపంచె మీదికి దిగింది.

"నీ వడ్డన తగలెయ్య! ఆకంతా అప్పడాలేనా? అన్నానికి చోటేదీ?"

"అప్పడాలు ముందుగా అడిగాయి ప్రభూ. అడిగినంత ఇచ్చాను."

"నలిపితే గుప్పెడు కాని అప్పడానికి అంత చోటా? పులుసు పైన పోస్తే కిందికి కారదూ? ఆ మాత్రం తెలియదా?"

"నాకు తెలియలేదు. ఏలినవారికి తెలిసింది." అంది గౌరసాని.

రాజు ఆకు వంక చూశాడు. కిటికీలోంచి ఏటి వంక చూశాడు. ఎర్రగా, అచ్చం పులుసులా ఉంది.

ఉన్నట్టుండి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేల మాట ఎత్తకుండానే ఎత్తావే! ఆ పత్రం చింపండి. మంత్రిని పిలిపించండి. ఖాళీ నేలలు వెనక్కి తీసుకోండి. కొట్టాలన్నీ రేవుకు దిగువన ఒక్కచోటికి చేర్చండి. మురుగు తేరుకున్నాకే ఏట్లోకి వదలాలి. గౌరసానీ, నీకు ఏటి ఒడ్డున పదెకరాలు!"

"అప్పుడే మళ్లీ మొదలా, ప్రభూ?"

రాజు మరోసారి నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి ఇచ్చాడు.

హారం పుచ్చుకుంది గాని ఆమె దడ తగ్గలేదు. ఇవాళ అర్థమైంది రేపు గుర్తుంటుందని నమ్మకమేమిటి? చెక్కముక్కను కొంగున ముడేసుకుంది. నేల పంచి ముద్ర వేసే రోజున ఈయనకు పళ్లెం పెట్టకూడదు, ఆకే వెయ్యాలని అప్పుడే నిశ్చయించుకుంది. తాను వడ్డించినంత కాలం అలాగే చేసింది.