అడుగు ఊడిన గంప

అనగనగా ఒక లంక ఊళ్ళో వీరవేణి అని ఒక కోడలుండేది. దాని కాలు ఒక చోట నిలిచేది కాదు. అన్నం కూడా నించునే తినేది. అచ్చం నీలాగే. ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టి విను.

వాళ్ళింట్లో రెండు నిలువుల గాదె నిండా వడ్లు. కింద ఒక కన్నం, దానికి గుడ్డ కుక్కి ఉంటుంది. గుడ్డ లాగితే వడ్లు జరజరా జారతాయి.

పెరట్లో అత్త సుబ్బాయమ్మ ఆనప మొక్క చుట్టూ అడుగు ఊడిన పెద్ద గంప ఒకటి నాటింది. మేకలు తినకుండా, గట్టు మట్టి మీద పడకుండా. ఆ గంపని చూస్తే వీరవేణికి చిరాకు. పొయ్యిలో పెట్టేస్తానని రోజూ గోలే.

ఒకరోజు పొద్దున్నే మిల్లుకి పంపాలని గాదె కన్నం తీశారు. కాసేపు జారిన వడ్లు ఆగిపోయాయి. చెమ్మ తగిలి పైన అట్ట కట్టేశాయి. కొడుకు గంగరాజు వచ్చాక గెడతో పొడిపిద్దాం, ఆగమంది అత్త. ఆగితే వీరవేణి ఎలా అవుతుంది? నిచ్చెనెక్కి లోపలికి దూకింది. అట్ట కింద అంతా బోలు. పెళ్ళున విరిగింది. ఆగిన వడ్లు మళ్ళీ జారాయి, వాటితో పాటు వీరవేణీ నడుం దాకా దిగిపోయింది.

అత్త గబుక్కున కన్నంలో గుడ్డ కుక్కి, కొడుకు కోసం కేకేసింది.

అప్పుడు వీరవేణి కాళ్ళు పీక్కోబోయింది. తన్నినకొద్దీ రొమ్ము దాకా దిగింది. ఊపిరి వదిలితే చాలు, వడ్లు వచ్చి ఆ చోటు నింపేసేవి. మళ్ళీ పీల్చడానికి సందు లేదు. చచ్చిపోతానేమోనని భయమేసింది దానికి.

ఆ తర్వాత గంగరాజు పరిగెత్తుకొచ్చాడు. తలుపు రెక్క వడ్ల మీద పరిచి, దాని మీద పడుకుని, పెళ్ళాం చంకల కింద తాడేసి లాగాడు. నొప్పికి అరిచింది గానీ వేలెడు పైకి రాలేదు. కన్నం తెరిచి వడ్లన్నీ వదిలెయ్యమ్మా అన్నాడు ఏడుపు గొంతుతో.

"వడ్లు పోతే అదీ వాటితోనే పోద్దిరా. కన్నం ముట్టుకోను," అంది సుబ్బాయమ్మ. పెరట్లోకి ఉరికి ఆ గంప పీక్కొచ్చింది.

గంపని వీరవేణి తల మీంచి దించి, చుట్టూ వడ్లలోకి నొక్కారు. బయటి వడ్లు బయటే ఆగాయి. లోపలివి చెంబుతో తోడటం, గంప ఇంకాస్త నొక్కటం, మళ్ళీ తోడటం.

"కదలకే తల్లీ," అంది అత్త.

ఒళ్ళంతా వడ్ల దురద. తన్నుకుని పారిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా వీరవేణి పళ్ళు బిగబట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కదలకుండా ఉంది. మోకాళ్ళు వదులయ్యాక తాడు పట్టుకుని పైకొచ్చేసింది.

కిందికి దిగేసరికి అత్త తీరే మారిపోయింది. అంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి కూర్చోలేక, నించోలేక గాదె చుట్టూ తిరుగుతోంది. వీరవేణి ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టి, గట్టిగా వాటేసుకుంది.

"కదలకత్తా. ఇక్కడే ఉన్నాను," అంది.

అత్త కుదుటపడేదాకా తనూ లేవలేదు. సాయంత్రం ఆనప మొక్క చుట్టూ గంప మళ్ళీ నాటిందెవరనుకున్నావ్? వీరవేణే.

కథ కంచికి,
గంప పాదుకి,
కాళ్ళు దుప్పట్లోకి,
నువ్వు నిద్దట్లోకి.