కుర్చీ దిగని కూర్మారావు

తాటివలస పంచాయతీ ఆఫీసులో కూర్మారావు అనే గుమస్తా ఉండేవాడు. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే భోజనానికి తప్ప లేచేవాడు కాదు.

మా ఊళ్లో బద్ధకస్తులకు కొదవ లేదు. ప్రెసిడెంటు గారు చెప్పులు వెతుక్కోలేక మీటింగులు మానేస్తారు. మా ఆయన మంచినీళ్ల గ్లాసు అందించమని పెరట్లో ఉన్న నన్ను పిలుస్తాడు. అయినా కూర్మారావు ముందు వాళ్లంతా పరుగుపందెం వీరులే. ఫ్యాను స్విచ్ నొక్కడానికి ఆయన దగ్గర ఒక వెదురుకర్ర ఉండేది. బీరువాలో ఫైళ్లు కూడా దానితోనే లాగేవాడు. ఇల్లు ఆఫీసుకు పిలిస్తే పలికేంత దూరం. దానికీ స్కూటరే. ఆయన స్కూటరు బయటికి తీసి తిప్పుకునేలోపు నడిచే మనిషి రెండుసార్లు వెళ్లి రావచ్చు.

ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం అని నేనూ ఊరుకునేదాన్నే. కానీ నెలనెలా పింఛను కోసం వేలిముద్ర వెయ్యడానికి ముసలివాళ్లు వచ్చేవారు. ఆ యంత్రం అరచేతిలో పట్టేంత ఉంటుంది. మెట్ల కిందికి తెస్తే క్షణంలో పని. కూర్మారావు తెచ్చేవాడా? డెబ్బై ఏళ్ల అసిరమ్మ మోకాళ్లు పట్టుకుని ఆఫీసు ఎనిమిది మెట్లూ ఎక్కాల్సిందే.

"బాబూ, ఎక్కలేకపోతున్నాను. ఒక్కసారి ఇలా రారాదా?" అంది ఆమె ఒకరోజు.

"నాకు నడుం నొప్పి, అసిరమ్మా. లేవకూడదు."

"లేవకే కదా బాబూ ఆ నొప్పి వచ్చింది!"

"నువ్వేమైనా డాక్టరువా? పైకి రా" అన్నాడు కూర్మారావు.

అక్కడే నిలబడిన నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ శ్రావణంలో ఆయనకు మండలం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పదకొండేళ్లుగా ఎదురుచూసిన ప్రమోషను. కాకపోతే ఆ ఉద్యోగంలో ఊళ్లు తిరగాలి. అందుకని ఆరోగ్యం బాగుందని ప్రభుత్వ డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి, పదిహేను రోజుల్లో తెచ్చి చేరమన్నారు.

కూర్మారావు ఆస్పత్రికి వెళ్లాడు. దగ్గు మందు కోసం నేనూ, మోకాళ్ల మందు కోసం అసిరమ్మా అక్కడే ఉన్నాం. లేకపోయినా నాకు తెలిసేదనుకోండి.

డాక్టరమ్మ బీపీ చూసింది, షుగరు చూసింది. రెండూ ఎక్కువే. "నేల మీద కూర్చుని, ఏదీ పట్టుకోకుండా లేవండి" అంది.

కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. అది ఆయనకు అలవాటే. లేవబోతే నడుం పట్టేసింది. అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు. చివరికి అసిరమ్మ ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని లేపాం.

"ఒక్క సంతకమే కదా, డాక్టరమ్మా!" అన్నాడు రొప్పుతూ.

"సంతకం నేను కూర్చునే పెడతాను. లేవాల్సింది మీరు" అంది ఆమె. "మాత్రలు రాస్తున్నాను. సగం పని అవి చేస్తాయి. మిగతా సగం మీ కాళ్లు చెయ్యాలి. అరగంటకోసారి లేచి నడవండి. మూడు నెలలు పోయాక రండి."

"గడువు పదిహేను రోజులేనండీ!"

"అది ఉత్తరం మాట. మీ ఒళ్లు ఒప్పుకోవద్దూ?"

పదిహేను రోజులు కూర్మారావు ఊరంతా కాలినడకన తిరిగాడు. గడువు నాడు మళ్లీ వెళ్లాడు. సగం లేచాడు, కూలబడ్డాడు. ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

"పాపం, అదృష్టం లేదు" అన్నారు ఊళ్లోవాళ్లు. అదృష్టమట! అదృష్టం కవరులో ఇంటికే వచ్చింది. లేచి అందుకోలేనివాడికి అది ఇంకేం చేస్తుంది?

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ అవమానం తర్వాత కూర్మారావు నడక మానలేదు. స్కూటరు అమ్మేశాడు. ఆఫీసులో అరగంటకోసారి లేచి వరండా చివరిదాకా వెళ్లి వచ్చేవాడు. వేలిముద్రల రోజున యంత్రం పట్టుకుని తానే మెట్లు దిగి వస్తే, అసిరమ్మ కంగారుపడింది.

"ఏటి బాబూ, ఆఫీసు కాలిపోతోందా?" అంది.

నాలుగు నెలలకు ఆస్పత్రిలో నేల మీద కూర్చుని, ఒక్క చెయ్యి మాత్రం ఆనించి లేచాడు. బీపీ తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. డాక్టరమ్మ నవ్వి సంతకం పెట్టింది. ఆ కాగితం అప్పటికి ఎందుకూ పనికిరాదు. అయినా ఆయన దాన్ని మడత పడకుండా పట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చాడు.

ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం కోపం తగ్గలేదు. నాలుగు నెలల్లో అయ్యే పనికి పదకొండేళ్లు బద్ధకించినవాణ్ణి ఏమని మెచ్చుకోను?

నీతి: కూర్చుని పని చేసేవాళ్లు రోజూ మధ్యమధ్య లేచి నడవాలి, లేకపోతే అవసరం వచ్చిన రోజున లేవమంటే ఒళ్లు మాట వినదు.