ఉప్పు తగలని నీళ్ళు

మన తాతల తాతలు ఉయ్యాల్లో ఉన్నప్పటి మాట ఇది. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. ఇందులో రాజూ లేడు, రాకుమారీ లేదు. ఒక ముసలామె, ఒక నిమ్మచెట్టు, అంతే.

సముద్రం పక్కన ఉప్పుమళ్ళ ఊరొకటి ఉండేది. గాలిలో ఉప్పు, గోడల మీద ఉప్పు, బావి నీళ్ళలో ఉప్పు. మంచినీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని ఇసుక దిబ్బలు దాటి పోవాలి. అలాంటి చోట పచ్చని చెట్టు బతుకుతుందా? ఒక్కటి బతికింది. అది పైడమ్మ పెరట్లో నిమ్మచెట్టు.

పైడమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు. దిబ్బలు దాటి నీళ్ళు మోసే ఓపికా లేదు. అందుకని రోజూ కుండ చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు అడిగి తెచ్చుకునేది. తొక్కలు చెట్టు పాదులో పూడ్చి, నీళ్ళు మొదట్లో పోసేది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట అడిగేది.

"ఉప్పు తగల్నేదు కదమ్మా?"

"తగల్నేదు, పట్టుకెళ్ళు."

అయినా వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, అప్పుడే కుండలో పోసుకునేది. పిల్లలు "కుడితి నాకే పైడమ్మ" అని వెంటపడేవారు. ఎదురింటి గురమ్మ నవ్వాపుకోలేక, "పాయసం ఎలాగుందప్పా?" అనేది. పైడమ్మ కూడా నవ్వి, "బెల్లం తగ్గిందే" అనేది.

కాసిన కాయలన్నీ ఉప్పులో ఊరేసి జాడీలో దాచేది. అమ్ముకోవడానికి కాదు. ఊళ్ళో ఎవరైనా జ్వరం పడి లేచి, నోరు చచ్చి, ముద్ద దిగక అవస్థ పడుతుంటే ఒక బద్ద తీసుకెళ్ళి నోట్లో పెట్టేది. నాలిక్కి ప్రాణం లేచొచ్చేది. గంజి అడిగి మరీ తాగేవారు.

ఒక ఏడు పాడు జ్వరాలు పట్టుకున్నాయి. పైడమ్మ పై వీధికి బద్దలిచ్చింది, కింది వీధికి ఇచ్చింది, ఉప్పుమళ్ళ గుడిసెలకి ఇచ్చింది. చివరికి తనూ పడింది. జ్వరం దిగింది గానీ నోరు చచ్చిపోయింది. జాడీ అడుగున ఒకే ఒక్క బద్ద మిగిలింది. దాన్ని నోట్లో పెట్టుకోబోతుంటే గురమ్మ ఏడుస్తూ వచ్చింది.

"అప్పా, నా కూతురు పచ్చి బాలింత. మెతుకు ముట్టడం నేదు. సచ్చిపోద్దప్పా."

పైడమ్మ బద్ద వైపు చూసింది. గురమ్మ వైపు చూసింది. బద్ద తీసి గురమ్మ చేతిలో పెట్టింది.

"మరి నీకో?"

"సెట్టు నిండా పిందెలున్నాయి కదే. ఇట్టే కాయలైపోతాయి."

గురమ్మ కూతురు బతికింది.

పైడమ్మ మళ్ళీ కుండ ఎత్తుకుంది. "ఉప్పు తగల్నేదు కదమ్మా?" అంటే "తగల్నేదు, పట్టుకెళ్ళు" అనేవారు. కానీ రోగాల ఇళ్ళలో ఏ కుండ ఏదో చూసేదెవరు? రోగి వదిలేసిన ఉప్పుగంజీ, ఎండుచేపలు కడిగిన నీళ్ళూ అన్నీ ఒకదాంట్లోనే పోసేశారు. అబద్ధమాడాలని కాదు, నోటి అలవాటుగా తగల్నేదన్నారు. పైడమ్మ వేలు ముంచి నాలిక్కి రాసుకునేది. ఆ నాలిక్కి ఏ రుచీ తెలియలేదు. అందరూ చెబుతున్నారు కదా అని నమ్మింది.

ఆకుల అంచులు మాడాయి. పిందెలు రాలాయి. కొమ్మలు ఎండాయి. నీళ్ళు చాలడం లేదేమోనని పాపం ఇంకో కుండ పోసింది.

చివరికి ఒకరోజు కుండ తెచ్చి గురమ్మ ముందు పెట్టింది.

"ఒకపాలి నువ్వు నాలిక్కి రాసి సూడే."

ఆ నీళ్ళు ఆ పూట గురమ్మ ఇంట్లోంచి వెళ్ళినవే. గురమ్మ వేలు ముంచి రుచి చూసింది. వేలు కొంగుకి తుడుచుకుంది.

"ఉప్పేనా?"

"ఉప్పేనప్పా."

పైడమ్మ ఎవర్నీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని గురమ్మ తను పోయేదాకా కుమిలింది. "నా సేత్తో నేనే పోసుకున్నాను" అని మాత్రం అంది పైడమ్మ. ఆ తర్వాత ఆమెకి ముద్ద దిగలేదు. ఊరంతా వెతికినా నిమ్మబద్ద దొరకలేదు. కొన్నాళ్ళకే పోయింది.

చెట్టు మళ్ళీ చిగురించిందని చెబితే మీకు బాగుంటుంది. చిగురించలేదు. ఊరంతా కలిసి చంపుకున్నదాన్ని దేవుడు మాత్రం ఎందుకు బతికిస్తాడు? గురమ్మ కూతురే ఆ చోట మన్ను మార్చి ఇంకో నిమ్మమొక్క నాటింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ప్రతి వంటింట్లో రెండు కుండలుంటాయి. ఉప్పు తగలనిదాన్ని పైడమ్మ కుండ అంటారు. మొక్కకి పోసే ముందు వేలు ముంచి నాలిక్కి రాసుకుని చూస్తారు. కొత్తకోడలు మొహం చిట్లించినా సరే, తప్పదు. ఎవరైనా చూడకుండా మాట చెబితే, "నాలిక్కి రాసుకుని చెప్పు" అంటారు.

నిమ్మకాయ జాడీ మూత తీసిన రోజు మొదటి బద్ద ఊరేసినామె నోట్లోనే పెడతారు. "రుచి తెలుస్తోందా అమ్మా?" అని అడుగుతారు. ఆమె తెలుస్తోందన్నాకే మిగతావాళ్ళు చెయ్యి పెడతారు.

పైడమ్మని ఆ మాట ఒక్కరూ అడగలేదు.