కొట్టినన్నిసార్లు కాపాలె

మల్లారపు సాయిలుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవాడు. పని అయ్యేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, దొరకకుంటే ఆ ప్రశ్న వాడికి అక్కర్లేదని ఆయన లెక్క. డెబ్బై రెండేళ్ళ మనిషి, డప్పు నేర్పడంలో చుట్టుపక్కల ఏడూళ్ళకు గురువు. సంతకం పెట్టమంటే కలాన్ని డప్పు పుల్ల పట్టినట్టు పట్టి, పేరులోని మూడక్షరాలు రాయడానికి బీడీ కాలేంత సేపు తీసుకునేవాడు. మాట దగ్గర మాత్రం గింజంత తేడా కూడా పోనిచ్చేవాడు కాదు. పక్క ఊరి మేళంవాళ్ళు ఒక పెళ్ళిలో డప్పులు మంటకు కాపకుండానే దెబ్బ వేశారని పద్నాలుగేళ్ళుగా ఆ ఊరి నీళ్ళు ముట్టలేదు. ఆ పెళ్ళికొడుక్కి పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. సాయిలు కోపం మాత్రం ఇంకా ఆ పందిట్లోనే కూర్చుని ఉంది.

ఆయన శిష్యుల్లో అందరికంటే ముందు నిలబడేవాడు రాజనర్సు. నలభై దాటినవాడు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఏ ఊరేగింపుకైనా మొదటి దెబ్బ అతనిదే. రెండేళ్ళ కింద కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున లేచేసరికి వేళ్ళు ఎండుకట్టెల్లా బిగుసుకుని ఉండేవి. పిడికిలి మూసుకునేది కాదు. పెద్దాసుపత్రి డాక్టరు గోళీలు రాసిచ్చి, రోజూ పొద్దున్నే వేడినీళ్ళలో చేతులు పెట్టి ఒక్కొక్క వేలే మలిచి వంచమన్నాడు. "ఇది పోయేది కాదు, కాని పట్టులో పెట్టుకోవచ్చు" అని కూడా అన్నాడు. రాజనర్సు ఆ మాటలో మొదటి సగమే ఇంటికి తెచ్చుకున్నాడు.

అయినా నొప్పిని ఎట్లాగో ఓర్చుకునేవాడు. ఓర్చుకోలేనిది ఒక్క ప్రశ్న. తలుపు తీయగానే భార్య పోసాని అడిగేది: "తక్కువైందా?" చాయ్ హోటలు దగ్గర గ్లాసు చేతికిస్తూ అడిగేవాళ్ళు: "తక్కువైందా నర్సన్నా?" బర్రెలు తోలుకుపోయే ముసలాయన బర్రెలను ఆపి మరీ అడిగేవాడు. అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. కష్టమంతా అక్కడే, చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకోవచ్చు. "ఇంకా లేదు" అని చెప్పిన ప్రతిసారీ, అప్పజెప్పిన పని చెయ్యకుండా దొరికిపోయినవాడిలా అతని తల వంగేది. మొదట్లో "జర తక్కువైంది" అని అబద్ధమాడాడు. కొన్నాళ్ళకు అబద్ధం కూడా అలసిపోయింది. "రాజనర్సు పని ఖతం" అని వెనక ఎవరో అనడం విన్నాడు. వినగా వినగా తానూ అదే అనడం మొదలుపెట్టాడు. గోళీలు మింగుతూనే ఉన్నాడు గాని వేడినీళ్ళు మానేశాడు. పోసాని నీళ్ళు కాచి పెడితే, "నిన్న మలిచిన వేళ్ళే గదనే, తెల్లారేసరికి మల్ల కట్టెలైనయ్. ఎందుకిది?" అని గిన్నె పక్కకు జరిపేవాడు.

శ్రావణంలో పోచమ్మ బోనాలు ఆదివారం ఉన్నాయనగా, బుధవారం పొద్దున రాజనర్సు, గురువు చేసిచ్చిన తన డప్పు భుజాన వేసుకుని ఆయన ఇంటికి వచ్చాడు. రాత్రంతా వాన పడి అప్పుడే వెలిసింది. రేకుల పందిరి కింద సాయిలు గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు.

"పెద్దబాపూ, డప్పు వాపసు ఇయ్యనీకి వచ్చిన. ఆదివారం ముందట ఎవలనన్న నిలవెట్టు."

సాయిలు బీడీ కోసం రొండిన తడుముకున్నాడు.

"పోయేముందు ఒక్క మాట అడుగుత. తక్కువైందా, తక్కువైందా అని ఊరంత అడుగుతున్నరు. కాలేదు. ఇగ కాదు గూడ. వాండ్లకు నేనేం చెప్పాలె?"

"డప్పు ఆడ వెట్టు" అన్నాడు సాయిలు. "గడ్డి తెచ్చి మంటెయ్యి."

"వాపసు ఇయ్యనీకి వచ్చిన అంటున్న గద."

"ఇయ్యి. ఎవలొద్దన్నరు? నాకు చలివెడుతుంది, మంటెయ్యి."

రాజనర్సు గొణుక్కుంటూ చూరు కింద దాచిన పొడి వరిగడ్డి తెచ్చి, రెండు అరచేతుల మధ్య అగ్గిపెట్టె ఇరికించి ఎట్లాగో మంట అంటించాడు. గురువు సాయం చెయ్యలేదు. చూస్తూ కూర్చున్నాడు.

అంతలో గడప ముందు స్కూటరు ఆగింది. కిషన్‌రావు సారు దిగాడు. కరెంటాఫీసులో నౌకరీ చేసి రిటైరైనవాడు. పొద్దుపోక డప్పు నేర్చుకుందామని ఎండాకాలంలో సాయిలు దగ్గరే ఒకటి కొనుక్కుపోయాడు. ఆ డప్పే ఇప్పుడు దుప్పటిలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. సాయిలు లేవలేదు. పదకొండేళ్ళ కింద ఈ సారు బిడ్డ పెళ్ళిలో డప్పులవాళ్ళను అన్ని పంక్తులూ లేచాక అన్నానికి పిలిచారు. అప్పటికి పప్పు అడుగంటింది. ఆ మాడు వాసన సాయిలు ముక్కులోంచి పోలేదు.

"ఏం సాయిలూ, గిట్లాంటి మాలిచ్చినవేంది నాకు? నాలుగు నెలలకే చెడిపోయింది" అన్నాడు సారు, తనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి.

"చెడిపోయిందని ఎవలన్నరు సారు?"

"అందరన్నరు. ఎండాకాలం ఖంగున మోగింది. వానలు పడంగనే గోనెసంచి మీద కొట్టినట్టు దబ్బు దబ్బు అంటుంది. ముందుగాల మా ఇంటామె అన్నది చెడిపోయిందని. తర్వాత అల్లుడు చూసి అన్నడు. వచ్చినోళ్ళందరు వేలుతో తట్టుడు, అయ్యో చెడిపోయింది అనుడు."

"అంటే మీరేం జేసిండ్రు?"

"చెడిపోయిందన్నంక ఏం జేస్తం? గోడ మొలకు తగిలేసినం. ఎవలు చూసిండ్రు మల్ల? నిన్న దింపి చూస్తే అంచు ఎలుకలు కొట్టినయ్."

దుప్పటి విప్పాడు. పైన తోలు బాగానే ఉంది. కట్టె చట్రం వెనక్కి మడిచిన అంచు మాత్రం రెండు బెత్తల మేర కొరికేసి ఉంది. సాయిలు ఆ కొరికిన చోట వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. అచ్చం డాక్టరు లాగే ఇంకా ఏమేమో అడిగాడు: ఏ గోడకు తగిలించారు, ఎన్నాళ్ళు, మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా అని. తన గురువు ఒక మనిషిని ఇన్ని ప్రశ్నలు అడగడం రాజనర్సు ఎన్నడూ చూడలేదు. మంట దగ్గర కూర్చున్నవాడు మెడ సాచి చూశాడు.

"చెడిపోవుడేంది సారూ!" అని లేచాడు. "వానకు మెత్తవడ్డది, గంతే. తోలన్నంక మెత్తవడకుంట ఉంటదా? ఇటు తే."

దాదాపు గుంజుకున్నాడు. డప్పును మంటకు మూరెడు దూరంలో నిలబెట్టి, రెండు చేతులతో మెల్లగా చుట్టూ తిప్పుతూ పోయాడు. తోలు మీద తడి ఆవిరై లేచింది. సారు వంగి వింతగా చూస్తున్నాడు.

"కాగిందా?" అన్నాడు సాయిలు, కూర్చున్న చోటి నుంచే.

"ఇంకా లేదు" అన్నాడు రాజనర్సు.

మేళంలో వాళ్ళు ఒకరినొకరు అడుక్కునే మాటే అది. ఇరవై ఏళ్ళలో ఆ జవాబు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటాడో. కాగకపోతే ఇంకో పిడికెడు గడ్డి వేస్తారు, అందులో తల వంచుకునేది ఏముంది? ఆ మాట నోట్లోంచి వచ్చాక రాజనర్సు చేతులు ఒక్క క్షణం ఆగాయి. చాయ్ హోటలు దగ్గర రోజూ చెప్పే మాటలే ఇవి, రెండే రెండు. అక్కడ మెడ విరిగినట్టు అయ్యేది. ఇక్కడ ఏమీ కాలేదు. ఎందుకో అర్థం కాక గురువు వైపు చూశాడు. గురువు బీడీ వెతుక్కుంటున్నాడు.

పిడికెడు గడ్డి వేశాడు. ఇంకో పిడికెడు వేశాడు. తోలు బిగుస్తున్న చిటచిట వినపడింది. గురువు పక్కనున్న సిర్రను, అంటే కుడిచేతి లావు పుల్లను, రాజనర్సు అందుకుని ఒక్క దెబ్బ వేశాడు. ఖంగుమని మోగింది. ఎదురింటి కోళ్ళు చెదిరిపోయాయి. సారు ముఖం చిన్నపిల్లవాడిదైంది.

"అరే! మంచిగైంది గద! ఇగ మెత్తవడదు గద?"

"పడతది సారు. సల్లగాలి తగిలితే రెండు గంటలల్ల పడతది."

"మల్ల కాపాల్నా? గిట్ల ఎన్నిసార్లు కాపాలె?"

"కొట్టినన్నిసార్లు."

"అంటే..." సారు నుదురు ముడిపడింది. "అంటే ఇది ఎన్నడు బాగుగాదా?"

రాజనర్సుకు నవ్వొచ్చింది. "బాగనే ఉంది గద సారు! బాగలేనిదైతే కాపితే గిట్ల మోగుతదా?"

అనేసి, తన మాట తనే విన్నట్టు చేతి వైపు చూసుకున్నాడు. సిర్ర ఇంకా చేతిలోనే ఉంది. చిటికెన వేలు వంగకుండా పక్కకు నిలబడి ఉంది. మిగిలిన నాలుగూ పుల్ల చుట్టూ మూసుకుని ఉన్నాయి. మంట ముందు అంతసేపు కూర్చున్న వేడి ఇంకా వాటిలో ఉంది. ఎప్పుడు మూసుకున్నాయో అతనికి తెలియదు.

సాయిలు సారు వైపు తిరిగాడు. "అంచు నేను కుడుత సారు. ఆదివారం దాంక ఇక్కడనే ఉండనియ్యి. బోనాలకు రాండ్రి, అన్నం గూడ మాతోనే. పప్పు అడుగంటక ముందే పిలుస్త."

సారు ముఖం ఒక్కసారి ఎర్రబడింది. ఏదో అనబోయి, "వస్త సాయన్నా" అని స్కూటరు ఎక్కాడు. ఆ 'అన్నా' అన్న మాట సాయిలు విన్నట్టు కనబడలేదు గాని బీడీ మాత్రం దొరికింది.

స్కూటరు చప్పుడు దూరమయ్యాక రాజనర్సు తన డప్పు దగ్గరకు వెళ్ళాడు. వాపసు ఇవ్వడానికి తెచ్చిన డప్పు, గోడకు ఆనించి ఉంది. వానగాలికి అదీ మెత్తబడింది. తీసుకొచ్చి మంట ముందు పెట్టాడు.

"పెద్దబాపూ, నేనడిగింది చెప్పకపోతివి. తక్కువైందా అని అడిగితే ఏం చెప్పాలె?"

"నాకేమెరుక బిడ్డా, నేనెన్నడన్న అడిగిన్నా?" అన్నాడు సాయిలు, బీడీ అంటించుకుంటూ. "ఆదివారం మాత్రం అందరికన్న గంట ముందుగాల రా. వాండ్లకు ఒక్కటే కాపుడు. నీకు రెండు."